ఒక మనిషి పట్టేంత జాగ

మొన్న ఎండాకాలంలో సత్తయ్య చిన్న బిడ్డ శిరీష పెళ్లి పెద్దపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. భోజనాలయ్యాక ఇంటివాళ్లందరి ఫొటో ఒకటి తీద్దామన్నారు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, సత్తయ్య, అతని భార్య పద్మ, పెద్ద బిడ్డ లావణ్య, అల్లుడు, మిగతా బంధువులు వేదిక మీద వరుసగా నిలబడ్డారు. నెత్తి మీద డ్రోన్ కందిరీగలా తిరుగుతోంది. ఫొటోగ్రాఫర్ కెమెరా కంటికి ఆనించుకొని, "అంకుల్, జర దగ్గరికి జరుగుండ్రి, నడుమ ఖాళీ కనవడుతున్నది" అన్నాడు. సత్తయ్య జరగలేదు. "అంకుల్, మీ కుడిదిక్కే చెప్తున్న" అని మళ్లీ అన్నాడు. సత్తయ్య చెవిన పడనట్టే నిలబడ్డాడు. కింద కుర్చీలో ఐస్‌క్రీమ్ తింటున్న నాకు మాత్రం సంగతి అర్థమైంది. చెంచా కప్పులో వదిలేసి లేచాను.

సత్తయ్య ఎందుకు జరగలేదో చెప్పాలంటే ముందు భాయ్ గురించి చెప్పాలి.

పేరు రాయను. తన పేరు ఎక్కడైనా కనబడితే ఆయనకు మహా సిగ్గు. పెళ్లి ఆల్బం ఆఖరి పేజీలో ఫొటోగ్రాఫర్లందరూ తమ పేరూ ఫోన్ నంబరూ పెద్దపెద్ద అక్షరాల్లో వేసుకుంటారు. ఈయన మాత్రం "పెండ్లి వాళ్లది, నడుమ నా లొల్లి దేనికి?" అని అక్కడ ఒక గులాబీ పువ్వు వేసి వదిలేసేవాడు. ముసలివాళ్లకూ బడి పిల్లలకూ కూడా ఆయన భాయే.

సత్తయ్యా నేనూ గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ క్వార్టర్లలో పక్కపక్క ఇళ్లలో పెరిగాం. మా ఇద్దరి బాపులూ ఒకే గనిలో దిగేవారు. భాయ్ స్టూడియో బజారులో ఉండేది. వయసులో మాకంటే కాస్త పెద్దవాడు, అయినా దోస్తే. ఆ స్టూడియోలో ఒక అద్దం, దానికి దారంతో వేలాడే దువ్వెన, ఒక పౌడర్ డబ్బా, ఒక నల్లకోటు ఉండేవి. ఆ కోటు గొప్పతనం ఏమిటంటే దానికి వెనుక భాగం లేదు. ముందు నుంచి తొడిగి వెనుక నాడాలతో కట్టేవాడు. లావువాడికైనా బక్కవాడికైనా అదే సరిపోయేది. "ముందర దొర, వెనుక గాలి" అని తనే నవ్వేవాడు. మా దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో చాలామంది ఆ కోటుతో దిగిన ఫొటోతోనే దేశం దాటారు. నా మొదటి పాస్‌పోర్టులో ఉన్నదీ ఆ కోటే.

ఫొటో తీసే ముందు ఆయన ఒక మంత్రం చదివేవాడు. "గదువ కిందికి, కండ్లు మీదికి, పానం లోపటికి!" గదువ అంటే గడ్డం, పానం లోపటికి అంటే ఊపిరి బిగబట్టమని. ఎవరైనా నవ్వబోతే కెమెరా దించేసేవాడు. "నవ్వితే పండ్లు వస్తయ్, మనిషి రాడు" అనేది ఆయన సిద్ధాంతం. మా పెళ్లి ఫొటోలో నేనూ మా ఆవిడా కోర్టు బోనులో నిలబడ్డట్టు ఉంటాం. మా ఆవిడ ఇప్పటికీ ఆయన్ను క్షమించలేదు.

కళ్లద్దాల పిచ్చి ఒకటి ఉండేది. లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ ఎప్పుడూ జేబులో పెట్టుకునేవాడు. ఎదుటి మనిషి అద్దాలు మసకగా ఉంటే చాలు, అడగకుండా ముఖం మీద నుంచి తీసి, హా అని ఊది, తుడిచి, మళ్లీ చెవులకు తగిలించేవాడు. మౌల్వీసాబ్ అద్దాలైనా సరే, పోలీస్ ఎస్సై అద్దాలైనా సరే. "గింత దుమ్ముల నుంచి లోకాన్ని ఎట్ల జూస్తున్నవయ్యా?" అని పైగా బాధపడేవాడు. ఒకసారి చావు ఇంటికి పోయి, ఏడుస్తున్న పెద్దాయన అద్దాలు తుడిచిపెట్టి వచ్చాడు. ఆ పెద్దాయన ఏడుపు ఆపి "షుక్రియా" అన్నాడట.

ఇక ఆయన అసలు విద్య పెళ్లి ఫొటోల్లో బయటపడేది. మా దిక్కు పెళ్లిళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉండిపోతారు. తండ్రికి సెలవు దొరకదు, అన్నకు టికెట్ దొరకదు, మేనమామకు పాస్‌పోర్టు చేతికి రాదు. అందుకే భాయ్ పెళ్లింట్లో అడుగుపెట్టగానే "మీ ఇంట్ల ఎవలు రాలే?" అని అడిగేవాడు. తండ్రి రాలేదంటే, అందరినీ వరుసగా నిలబెట్టేటప్పుడు తండ్రి నిలబడాల్సిన చోట ఒక మనిషి పట్టేంత జాగ ఖాళీగా ఉంచేవాడు. ఆ జాగ కొలవడానికి ముందు తనే అందులో నిలబడేవాడు. భుజాలు రెండుపక్కలా తగులుతున్నాయో లేదో చూసుకొని, "బరాబర్. గా జాగల ఎవలు రావద్దు!" అని ఒక హెచ్చరిక చేసి, పక్కకు తప్పుకొని, కెమెరా దగ్గరకు ఉరికేవాడు. ఆయన ఉరికే లోపలే ఎవడో బామ్మర్ది ఆ ఖాళీలో దూరేవాడు. భాయ్ వెనక్కి వచ్చి వాణ్ని చొక్కా పట్టుకొని గుంజేవాడు. మళ్లీ కొలిచేవాడు, మళ్లీ ఉరికేవాడు. పెళ్లికి వచ్చినవాళ్లకు అదొక వేడుక.

తర్వాత స్టూడియోలో ఆ తండ్రి పాస్‌పోర్టు ఫొటో తెచ్చి ఆ ఖాళీలో అతికించేవాడు. అందువల్ల మా ఊళ్లలో ఎవరింటికి పోయినా పెళ్లి ఫొటో చూసి ఇట్టే చెప్పొచ్చు. వరుసలో అందరూ పట్టుబట్టల్లో ఉండగా ఒక్కడు నల్లకోటులో ఊపిరి బిగబట్టి ఉన్నాడంటే, వాడు గల్ఫ్‌లో ఉన్నట్టు. ఎవరూ తప్పు పట్టలేదు. లేని మనిషి ఉన్నాడు, అదే చాలనుకున్నారు. లావణ్య మాత్రం అలా అనుకోలేదు.

లావణ్య పెళ్లి నాటికి సత్తయ్య ఎడారిలో ఒక మజ్రాలో పనిచేస్తున్నాడు. మజ్రా అంటే అరబ్బుల తోట. కొన్ని ఖర్జూర చెట్లు, ఒక మేకల మంద, నాలుగు ఒంటెలు, చుట్టూ ఇసుక. నేను అదే దిక్కున నీళ్ల ట్యాంకర్ నడిపేవాణ్ని. సత్తయ్యకు సెలవు వచ్చింది, టికెట్ కూడా వచ్చింది. బదులుగా వచ్చినవాడు ఆ ఎండ చూసి మర్నాడే పారిపోయాడు. "మేకలకు నీళ్లెవరు పెడతారు?" అని యజమాని టికెట్ వాయిదా వేశాడు. బిడ్డ పెళ్లి మాత్రం వాయిదా పడలేదు. ఆ రోజు సత్తయ్య ఫోన్లో పెళ్లి చూడమంటే చూడలేదు. మేకల కొట్టం శుభ్రం చేస్తూ కూర్చున్నాడు.

పెళ్లిలో భాయ్ మామూలుగానే జాగ కొలిచాడు. లావణ్య పక్కన నిలబడి, తండ్రి చెయ్యి పట్టుకున్నట్టు తన చెయ్యి పట్టుకొమ్మన్నాడు. తర్వాత "చెయ్యి గట్లనే ఉంచు బిడ్డా" అని చెప్పి తప్పుకున్నాడు. ఆ పిల్ల చెయ్యి గాలిలో అలాగే ఉంచింది. ఫొటో పడింది.

భాయ్ స్టూడియోలో నల్లకోటు సత్తయ్యను తీసి అతికించబోతుంటే, ఆల్బం చూడటానికి వచ్చిన లావణ్య తెర మీద చూసింది. "భాయ్ కాకా, గీ కోటు బాపు నాకొద్దు" అంది.

"ఎందుకు బిడ్డా? మీ బాపే గదా?"

"ఊపిరి బిగవట్టుకొని నిలవడ్డడు. నా పెండ్లిల మా బాపు గట్ల నిలవడుతడా? నవ్వుకుంట ఉన్న బాపు కావాలె. లేకుంటే గా జాగ గట్లనే ఉండనీ. నేనైతే ఫొటో గోడకు పెట్ట."

అతికించిన ఫొటో వద్దన్నవాళ్లు భాయ్‌కు అంతకుముందు ఎవరూ తగల్లేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని విన్నాను. తర్వాత నాకు ఫోన్ చేశాడు. "డ్రైవర్ సాబ్, నేను వస్తున్న" అన్నాడు. ట్యాంకర్ స్టీరింగ్ పట్టినప్పటి నుంచీ నన్ను అలాగే పిలిచేవాడు. నిజానికి ట్యాంకర్ నాది కూడా కాదు.

"ఎందుకు భాయ్? నేను ఫోన్ల తీసి పంపుత" అన్నాను.

"నువ్వు తీస్తే ట్యాంకర్ మంచిగ వస్తది, సత్తిగాడు రాడు. ఫికర్ జెయ్యకు, మా మేనల్లుడు వీసా జూస్తుండు. గా ఎడారి సీనరీ కూడ తీసుకున్నట్టు ఉంటది."

సీనరీ మాట ఊరికే అనలేదు. అప్పటికే మా దిక్కు పెళ్లికి ముందు జంటలను తిప్పుతూ వీడియోలు తీసే పిచ్చి మొదలైంది. భాయ్ కూడా మొదలుపెట్టాడు. ఓపెన్‌కాస్ట్ గని పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలుంటాయి. ఆ గుట్టల మీద జంటలకు అరబ్బు గౌన్లు తొడిగించి, పొద్దుగూకే వేళ నడిపించి, "దుబాయ్ ఎడారి" అని తీసేవాడు. చాలామంది నమ్మారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు కూడా "ఇదెక్కడ, షార్జా దిక్కా?" అని అడిగారట. అంటే మనిషి ఎడారిని తయారుచేశాడు గానీ, ఎడారి మొఖం ఎన్నడూ చూడలేదు.

విమానాశ్రయంలో ఒక చేత్తో కెమెరా పెట్టె, ఇంకో చేత్తో తనంత ఎత్తు సంచీ పట్టుకొని బయటికి వచ్చాడు. సంచీలో పద్మ పంపిన మామిడికాయ తొక్కు, సకినాలు, ఒక పట్టు అంగీ, అంచు ధోవతి. నన్ను కౌగిలించుకునే ముందు నా కళ్లద్దాలు తీసి తుడిచాడు. "ఇసుక గింత పెట్టుకొని బండి నడుపుతున్నవా? తోబ తోబ!"

ట్యాంకర్‌లో నా పక్కన కూర్చొని దారి పొడుగునా కిటికీ లోంచి చూశాడు. ముఖం మెల్లగా వాడిపోతూ వచ్చింది. కరెంటు స్తంభాలు, ముళ్లపొదలకు చిక్కుకొని రెపరెపలాడే ప్లాస్టిక్ కవర్లు, తుప్పు పట్టిన డ్రమ్ములు, ఒక పాత టైరు. ఇసుక కూడా ఆయన అనుకున్న రంగులో లేదు.

"గిదేందిరా? గిది ఎడారి లెక్క లేదు" అన్నాడు.

"ఇదే భాయ్ ఎడారి."

"మన మట్టి గుట్టే నయం. వీళ్లకు ఎడారి పెట్టుడు రాదు."

దారిలో ఒక ఒంటె అడ్డంగా నిలబడితే నన్ను బండి ఆపమన్నాడు. కెమెరా తీసుకొని దిగి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చొని "గదువ కిందికి" అన్నాడు. ఒంటె గదువ ఇంకా పైకెత్తింది. "గీ దేశంల ఎవలు మాట వినరు" అని గొణుక్కుంటూ బండెక్కాడు. నేను నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద పడ్డాను.

సత్తయ్య మజ్రా గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ కౌగిలించుకొని చాలాసేపు ఊగిపోయారు. సత్తయ్య మేక పాలతో చాయ్ పెట్టాడు. భాయ్ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగి, గదిలో మంచం మీద పట్టు అంగీ పరిచాడు. ఏం చెయ్యాలని వచ్చాడో చెప్పాడు. సత్తయ్య ముఖం అక్కడే మారింది.

"నాకొద్దు భాయ్. నేను పెండ్లిల లేను. లేనోన్ని ఉన్నట్టు ఎందుకు జూపుతవ్?"

"బిడ్డ అడిగింది రా."

"బిడ్డకు నేను ఏ మొఖం పెట్టుకొని నవ్వాలె? నువ్వు వచ్చినవ్, నాకు గదే పెద్ద పండుగ. ఫొటో ముచ్చట వదిలెయ్."

భాయ్ వాదించే మనిషి. జంటలను గంటలకొద్దీ వాదించి మట్టి గుట్ట ఎక్కించిన మనిషి. ఆ రోజు మాత్రం "సరే" అన్నాడు. అంగీ మడతపెట్టి సంచీలో పెట్టేశాడు. నాకు దిగులేసింది. ఇంత దూరం వచ్చినవాడు ఊరికే పోతాడా, లావణ్యకు ఏం చెప్తాడు అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన చేసిందల్లా సీనరీ తీయడమే. నేను పొద్దున ట్యాంకర్‌తో పోయి సాయంత్రం వచ్చేవాణ్ని. వచ్చేసరికి ఎక్కడో ఒక ఇసుక తిన్నె మీద బోర్లా పడుకొని ఉండేవాడు. గాలి ఇసుక మీద గీసిన గీతలు, ఖర్జూర చెట్ల నీడలు, నీళ్ల తొట్టి, తలుపు ముందు విడిచిన సత్తయ్య చెప్పులు, అన్నీ తీశాడు. కవర్లూ డ్రమ్ములూ అడ్డొస్తే ముందు వాటిని ఏరి ఒకచోట కుప్ప పెట్టి అప్పుడు తీసేవాడు. ఆ వంకన మజ్రా చుట్టుపక్కల చెత్తంతా మాయమైంది. ఎడారిని చీపురు పెట్టి ఊడ్చిన మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

ఒక సాయంత్రం ఆ ఫొటోలు చూపించాడు. చాలా బాగున్నాయి. ఒకటే వింత కనిపించింది. ప్రతి ఫొటోలోనూ తిన్నె ఒక పక్కకే ఉంది, ఇంకో పక్క ఖాళీగా వదిలేశాడు.

"ఇటుదిక్కు ఏమీ లేదేంది భాయ్?" అని అడిగాను.

"మనిషి లేని ఫొటో తీసుడు నాకు రాదురా. ఎవలన్న వస్తరేమోనని జాగ ఉంచిన."

సత్తయ్య పక్కనే కూర్చొని ఉల్లిగడ్డ కోస్తున్నాడు. ఒకసారి ఆ ఫొటో వైపు చూసి, మళ్లీ కోయసాగాడు.

మధ్యలో ఒకనాడు యజమాని వచ్చాడు. తెల్లటి పెద్ద బండి దిగి, ఎవరీ కొత్త మనిషి అన్నట్టు భాయ్ వైపు కోపంగా చూశాడు. భాయ్ నేరుగా వెళ్లి, సలాం చేసి, ఆయన ముఖం మీద నుంచి కళ్లద్దాలు తీశాడు. హా అని ఊది, తుడిచి, మళ్లీ పెట్టాడు. యజమాని కాసేపు తన ఒంటెల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. తర్వాత తనకు ఇష్టమైన ఒంటెతో ఒక ఫొటో తీయమని సైగ చేశాడు. భాయ్ ఆయన గదువ కూడా కిందికి దించి మరీ తీశాడు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం నేను పని తొందరగా ముగించుకొని వచ్చాను. భాయ్ నీళ్ల తొట్టికి ఆనించి ఒక పెద్ద ఫ్రేమ్ పెట్టాడు. లావణ్య పెళ్లి ఫొటో. అసంపూర్తి ఫొటో ఎవరికీ పంపడు కాబట్టి సత్తయ్య అంతవరకు దాన్ని చూడలేదు. భాయ్ ఆ ఫొటో వైపు, సూర్యుడి వైపు మార్చి మార్చి చూస్తూ "హాల్ల లైటు ఎడమదిక్కు నుంచి వచ్చింది, పొద్దు కూడ గటే ఉన్నది" అని తనలో తాను అనుకుంటున్నాడు. సత్తయ్య మేకలను తోలుకొచ్చి, దూరం నుంచే ఆగిపోయాడు.

దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు పద్మను చూశాడు. అల్లుణ్ని చూశాడు. తర్వాత బిడ్డను చూశాడు. బిడ్డ పక్కన ఖాళీ చూశాడు. ఆ ఖాళీలోకి చాచి, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు వంగిన వేళ్లు చూశాడు.

"గీడ ఎవలు లేరేంది?" అన్నాడు, తెలిసి కూడా.

"గా జాగ నీది. మీ బామ్మర్ది మల్లమల్ల జొరబడ్డడు, మల్లమల్ల గుంజి అవతల పెట్టిన" అన్నాడు భాయ్. "నువ్వు లేవని ఎవలు దాస్తలేరు సత్తీ. లేవు కాబట్టే అందరు జరిగి నిలవడ్డరు."

సత్తయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని తెలిసినా మేమిద్దరం మేకల వైపే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి లేచి, తొట్టిలో నీళ్లతో ముఖం కడుక్కొని, "అంగీ ఏది?" అన్నాడు.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. పద్మ పాత కొలతకు కుట్టించింది. ఎడారికి వచ్చి సత్తయ్య సగం అయ్యాడు. అంగీలో ఇంకో సత్తయ్య పడతాడు. భాయ్ ఒక్క క్షణం ఆలోచించి, తాడు మీద ఆరేసిన బట్టల క్లిప్పులన్నీ పీకి తెచ్చాడు. అంగీని వెనక్కి లాగి, నడుము నుంచి మెడ దాకా క్లిప్పులు పెట్టాడు. ముందు నుంచి చూస్తే పెళ్లికూతురి తండ్రి, వెనుక నుంచి చూస్తే ముళ్లపంది.

"ముందర దొర..." అన్నాడు సత్తయ్య.

"వెనుక గాలి" అన్నాను నేను. చాలా రోజుల తర్వాత ముగ్గురం ఒక్కసారే నవ్వాం.

"ఇప్పుడు బిడ్డ చెయ్యి కావాలె" అన్నాడు భాయ్. నా వైపు చూశాడు. నేను చుట్టూ చూశాను. మేకలు తప్ప ఇంకెవరూ లేరు. అలా నేను పెళ్లికూతుర్ని అయ్యాను. మీసాలున్న ట్యాంకర్ డ్రైవర్ని, సత్తయ్య మోచెయ్యి పట్టుకొని, భాయ్ చెప్పినట్టు తల వంచి నిలబడ్డాను. "డ్రైవర్ సాబ్, వేళ్లు మెత్తగ పెట్టు, స్టీరింగ్ పట్టినట్టు పట్టకు. జర సిగ్గుపడు!"

పొద్దు ఇసుక అంచుకు దిగుతోంది. తిన్నెలన్నీ పసుపు పూసినట్టయ్యాయి. భాయ్ కెమెరా కంటికి పెట్టుకొని మంత్రం మొదలుపెట్టాడు. "గదువ కిందికి, కండ్లు మీదికి..." అక్కడ ఆగిపోయాడు. మూడో ముక్క అనలేదు. బహుశా లావణ్య మాట గుర్తొచ్చి ఉంటుంది. కానీ నవ్వమని చెప్పడం ఆయనకు రాదు. జీవితంలో ఎవరినీ నవ్వమని అడిగిన మనిషి కాదు. సత్తయ్యేమో బిగుసుకుపోయి నిలబడ్డాడు. ముగ్గురమూ అలాగే ఉండిపోయాం. పొద్దు ఆగేలా లేదు.

అప్పుడొక మేక వెనుక నుంచి వచ్చి సత్తయ్య ధోవతి అంచు నోట్లో పెట్టుకొని నమలడం మొదలుపెట్టింది. సత్తయ్య గుంజాడు, మేక గుంజింది. క్లిప్పులు ఒకటొకటి టపటపా ఊడి ఇసుకలో పడ్డాయి. "నీయవ్వ, పద్మ పంపిన ధోతిరే!" అని సత్తయ్య పడీపడీ నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. కెమెరా చప్పుడు వినబడింది. నేను తిరిగి చూసేసరికి భాయ్ కెమెరా దించుకొని, గుడ్డతో తన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయనకు కళ్లద్దాలు లేవు.

ఇంటికి పోయాక ఫొటో పూర్తి చేశాడు. పని మాత్రం శుభ్రంగా కుదరలేదు. ఫంక్షన్ హాల్ లైట్ల తెల్లటి వెలుగులో అందరూ తెల్లగా ఉంటే, సత్తయ్య ఒక్కడే బంగారు రంగులో వెలుగుతున్నాడు. ఆ రంగు తీసేయాలని భాయ్ ఎంతో ప్రయత్నించాడట. తీసేస్తే సత్తయ్య నవ్వు కూడా పాలిపోయిందట. చివరికి అలాగే వదిలేసి, భయపడుతూ లావణ్యకు ఇచ్చాడు. లావణ్య ఫొటో ఒళ్లో పెట్టుకొని చాలాసేపు చూసింది. "మా బాపు ఎండలకెళ్లి సక్కగ పందిట్లకే వచ్చిండు కాకా" అని, ఆ రోజే గోడకు మేకు కొట్టించింది. ఇంకో తప్పు కూడా ఉంది. నన్ను కోసి తీసేసేటప్పుడు నా బొటనవేలు తీయడం మరిచిపోయాడు. ఇప్పటికీ ఆ ఫొటోలో గాజుల చెయ్యి పక్కన, సత్తయ్య మోచేతి మీద, ఇంజన్ ఆయిల్ మరకతో నా బొటనవేలు ఉంది. ఆ ఇంటికి ఎవరు వచ్చినా లావణ్య ముందు ఫొటో చూపించి, తర్వాత నా వేలు చూపిస్తుంది.

భాయ్ పోయాడు. నేనూ సత్తయ్యా ఊరికి తిరిగొచ్చేసిన తర్వాత, ఒక మధ్యాహ్నం అన్నం తిని స్టూడియోలో కుర్చీలో కునుకు తీసి మళ్లీ లేవలేదు. కెమెరా ఒళ్లోనే ఉందట. ఆయన ఫొటో ఒకటి ఉంటే బాగుండునని అందరం ఫోన్లన్నీ వెతికాం. మా ఇద్దరి ఫోన్ల నిండా ఆయన తీసినవే గానీ, ఆయన ఉన్నది ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీద ఉంది, కానీ అందులో గదువ పైకి ఉంది. దాన్ని పెద్దది చేయించడానికి మాకు మనసు రాలేదు. ఆయన చూస్తే ఒప్పుకోడు. నాకు ఆ మనిషి మీద ఉన్న ప్రేమ ఎంతో, అంత కోపం కూడా వచ్చింది. అందరికీ జాగ ఉంచినవాడు ఒక్కసారైనా ఇటువైపు ఆగి ఉండకూడదా?

మొన్న పెళ్లిలో సత్తయ్య జరగనిది అందుకే.

నేను వేదిక ఎక్కేసరికి లావణ్య కూడా గమనించింది. తన వరుసలోంచి కదిలి తండ్రి కుడివైపు ఖాళీకి అవతలి పక్కన నిలబడింది. ఒక చెయ్యి ఆ ఖాళీలోకి చాచి, వేళ్లు మెత్తగా వంచింది. నన్ను చూసి "కాకా, నీ బొటనవేలు గీసారి రావద్దు" అంది. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఏమీ అర్థంకాక ఒకరినొకరు చూసుకున్నారు. ఒక పెద్దమనిషి ఖాళీ కనబడింది కదా అని దూరబోతే పద్మ ఆయన భుజం పట్టి మర్యాదగా అవతలికి జరిపింది.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించి, "ఎవలన్న రావాలెనా అంకుల్? ఆగాల్నా?" అని అడిగాడు.

సత్తయ్య ఖాళీ వైపు ఒకసారి చూసుకున్నాడు. రెండు పక్కలా భుజాలు సరిపోతాయో లేదో కొలిచినట్టు చూశాడు. తర్వాత ఎదురుగా కెమెరా వైపు తిరిగి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"వచ్చిండు. జాగ కొలిచి కెమెరా కాడికి పోయిండు. నువ్వు తియ్యి."